రెండు వందల మొర్రి చెట్లున్నాయి, వాటిలో తల్లులెన్ని?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. మీ ఊరి అడవిలో 200 దాకా పెద్ద మొర్రి చెట్లున్నాయి. పోయినేడు వనసంరక్షణ సమితి తరఫున రోడ్డు పక్కన బాగా కాసే నాలుగు చెట్ల కింద గింజలు ఏరి, మొక్కలు పెంచి నాటారు. ఈ ఏడాది అవే చెట్ల గింజలతో 2,000 మొక్కలు పెంచాలనుకుంటున్నారు. ఊరికొచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని అది విని, ‘ఇలా చేస్తే జన్యు వైవిధ్యం తగ్గిపోతుంది’ అన్నారు. అన్ని చెట్లుండగా వైవిధ్యం ఎలా తగ్గుతుంది, తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది, ఇప్పుడు మేం ఏం చేయాలి అని అడిగారు.

ఆ అమ్మాయి చెప్పింది నిజం. అడవిలో ఎన్ని చెట్లున్నాయన్నది ఒక లెక్క. వాటిలో ఎన్ని చెట్లు రేపటి అడవికి తల్లులో తండ్రులో అవుతున్నాయన్నది ఇంకో లెక్క. జన్యు వైవిధ్యం నిలిచేది రెండో లెక్క మీద. ఇరవై ఏళ్లకు పైగా అటవీ విత్తనాల పనిలో ఉన్నాను. మొదట్లో నేనూ చెట్లనే లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడు కొత్త అడవికి వెళ్తే ముందు చూసేది చెట్ల కింద నేలను.

కొందరికి ఈ చెట్టు పేరుతో తికమక రావచ్చు. తెలంగాణలో మొర్రి చెట్టు అనేదాన్నే ఆంధ్ర వైపు చాలా చోట్ల సార చెట్టు అంటారు. పాయసంలో, మిఠాయిల్లో వేసే సారపప్పు దీనిదే. హిందీ వాళ్లు చిరోంజీ అంటారు. శాస్త్రీయ నామం బుకనానియా లాంజన్. మామిడి, జీడి, పిస్తా ఉన్న కుటుంబంలోదే ఇదీ. ఆదిలాబాద్ అడవుల నుంచి పాపికొండలు, నల్లమల దాకా మన ఆకురాల్చే అడవుల్లో దొరుకుతుంది. అక్కడి నుంచి మధ్య భారతమంతా, ఇంకా తూర్పున మయన్మార్, థాయిలాండ్ లాంటి దేశాల్లోనూ ఉంది. చలికాలం చివర్లో తెల్లటి చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి, ఏప్రిల్, మే నెలల్లో కాయలు నల్లబడి పండుతాయి.

ఈ పూవులో మన విషయానికి బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది. అండాశయంలో ఐదారు భాగాలుంటాయి, కానీ వాటిలో ఒక్కటే కాయవుతుంది, ఆ కాయలో ఒక్కటే గింజ ఉంటుంది. అంటే ఒక్కో కాయ ఒక్కో పుప్పొడి రేణువు ఫలితం. ఒకే చెట్టు మీది వంద కాయలకు వంద వేర్వేరు చెట్లు తండ్రులు కావచ్చు. చుట్టుపక్కల పూసిన చెట్లు లేకపోతే ఆ వందకూ ఒకటో రెండో తండ్రులే ఉండొచ్చు. పుప్పొడిని మోసేది తేనెటీగలు, ఈగలు, ఇంకా చిన్న పురుగులు. అవి ఎంత దూరం ఎగిరితే చెట్ల మధ్య చుట్టరికం అంత దూరం.

జన్యు వైవిధ్యం అంటే ఏమిటో మీ ఊళ్లోనే ఎవర్నైనా అడగండి, ఆ పేరు తెలియకపోయినా సంగతి చెప్తారు. తిర్యాణి వైపు ఒక ఊళ్లో గింజలకు వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మ నన్ను ఆపింది. ‘మీరొచ్చేసరికి ముందు కాసే చెట్లు అయిపోయాయి, వెనక కాసేవి ఇంకా పచ్చిగా ఉన్నాయి, మీకు దొరికేవన్నీ నడిమివే’ అంది. వాగు ఒడ్డున ఒక చెట్టు చూపించి, ఇది వానలు పడేదాకా కాయ నిలుపుతుందని చెప్పింది. రాళ్లగుట్ట మీద ఇంకోటి, ఎంత ఎండకాసినా ఆకు వాడదట. ఇంకో చెట్టు కాయ చిన్నదే కానీ పప్పు నిండుగా ఉంటుంది. ఈ తేడాల్లో కొన్ని నేల వల్ల, నీటి వల్ల వస్తాయి. కొన్ని మాత్రం గింజలోనే రాసి ఉంటాయి. ఒకే జన్యువు వేర్వేరు చెట్లలో కాస్త తేడాలతో ఉంటుంది. ఆ రూపాలనే అల్లీల్స్ అంటారు. ఒక అడవిలో ఒక జన్యువుకు ఎన్ని రూపాలున్నాయి, ఒక్కో చెట్టులో రెండు వేర్వేరు రూపాలు కలిసి ఎంత తరచుగా కనిపిస్తాయి, ఒక అడవికీ ఇంకో అడవికీ ఎంత తేడా ఉంది, ఈ మూడింటినీ కొలిస్తే జన్యు వైవిధ్యం కొలిచినట్టే.

చాలామంది ఒక అడవిలో ఉన్నవన్నీ ఒకేలా ఉంటాయని, తేడా అంతా దూరపు అడవుల మధ్యే ఉంటుందని అనుకుంటారు. చెట్ల విషయంలో ఇది తలకిందుల ఆలోచన. 1990లో హామ్రిక్, గాడ్ అనే శాస్త్రవేత్తలు అప్పటిదాకా వందలాది మొక్క జాతుల మీద జరిగిన పనినంతా ఒకచోట పోగేసి చూశారు. బహువర్షాలు బతికే చెట్లలో మొత్తం వైవిధ్యంలో సగటున నూటికి 90 వంతులకు పైగా ఒకే అడవిలోని చెట్ల మధ్యే కనిపించింది. అడవికీ అడవికీ మధ్య తేడా మిగిలిన కొద్ది భాగమే. చెట్లు ఎక్కువకాలం బతుకుతాయి, పక్క చెట్ల పుప్పొడితో ఫలిస్తాయి, పక్షులూ జంతువులూ గింజల్ని దూరం తీసుకెళ్తాయి. అందుకే ఇలా ఉంటుంది. మీ ఊరి 200 చెట్లు నిజంగా పెద్ద నిధి. ఆ నిధి ఏదో నాలుగు చెట్లలో లేదు, 200 చెట్ల మీదా పరుచుకుని ఉంది.

‘మరి ఇన్ని చెట్లు బతికే ఉన్నాయి కదా’ అన్నది మీ అసలు సందేహం. ఇవాళ మీరు చూస్తున్న పెద్ద మొర్రి చెట్లు ఎప్పటివో ఆలోచించండి. అవి మొలిచినప్పుడు అడవి వేరు, దారులు వేరు, బేరం వేరు. ఆ పెద్ద చెట్ల ఆకులు తెచ్చి పరీక్ష చేస్తే మనకు తెలిసేది అప్పటి అడవి వైవిధ్యం. అది బాగానే ఉంటుంది కూడా. దాన్ని చూసి ‘ఇబ్బందేం లేదు’ అని రాసేసిన రిపోర్టులు చూశాను, చాలా బాధేసింది. గత ముప్పై, నలభై ఏళ్లలో జరిగిన నష్టం పెద్ద చెట్లలో కనిపించదు. మోకాలెత్తు మొక్కల్లో, చేతికర్రంత లావున్న కుర్ర చెట్లలో కనిపిస్తుంది. అవి లేకపోవడమే చాలా చోట్ల మొదటి సాక్ష్యం.

ఎందుకు లేవో మీకు నాకంటే బాగా తెలుసు. మొర్రి కాయ పండి నల్లబడేదాకా ఎవరూ ఆగలేరు. ‘నేను ఆగితే పక్కవాడు కోసుకుపోతాడు’ అన్న టెన్షన్ ప్రతి ఇంట్లో ఉంటుంది. అందుకే పచ్చికాయే దిగిపోతుంది. కాయ అందకపోతే కొమ్మ నరుకుతారు, తొందరైతే చెట్టే నరుకుతారు. పచ్చి కాయ గింజ మొలవదు, పప్పూ బక్కగా ఉంటుంది, సంతలో ధరా తక్కువే. నరికిన కొమ్మ మళ్లీ పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇందులో తప్పు కోసేవాళ్లదే అనడం నాకు ఇష్టం లేదు. 2013-14లో కేంద్రం మొదలుపెట్టిన చిన్న అటవీ ఉత్పత్తుల మద్దతు ధర పథకంలో మొదటి జాబితాలోనే చిరోంజీ ఉంది. అయినా కాయ పండేదాకా ఆగితే నష్టపోననే ధీమా ఆ కుటుంబానికి రానంతకాలం ఎవరు ఆగుతారు?

దీనికి తోడు మంటలు. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద నేల శుభ్రం కావాలని, తునికాకు చిగురు బాగా రావాలని పెట్టే నిప్పు మార్చి, ఏప్రిల్‌లో అడవి నేలంతా పాకుతుంది. నిరుడు మొలిచిన మొర్రి మొక్క దానికి తట్టుకోలేదు. ఆ తర్వాత పశువుల మేత. ఇన్ని దాటి ఒక గింజ చెట్టవ్వాలంటే ఎవరికీ అందని గుట్ట మీద కాసి ఉండాలి, దాన్ని ఏ ఎలుగుబంటో, కోతో, పక్షో తిని మంచిచోట వదిలి ఉండాలి. మీ అడవిలో పెద్ద చెట్లు 200 ఉన్నా, పండిన గింజను నేలకు ఇస్తున్నవి పదో పదిహేనో అయితే, రేపటి అడవికి తల్లుల సంఖ్య ఆ పదిహేనే.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. మొర్రి చెట్టు వేర్ల నుంచి కూడా పిలకలు వేస్తుంది, ముఖ్యంగా నరికినచోట, కాలినచోట. అవి పైకి విడి మొక్కల్లాగే కనిపిస్తాయి. కానీ జన్యుపరంగా అవన్నీ ఒకే చెట్టు. మేం మొదట్లో ఒక గుంపులోని పది కాండాల నుంచి ఆకులు తెంపి పది చెట్లని రాసుకున్నాం. పరీక్షలో అన్నిటికీ ఒకే ఫలితం వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి మట్టి తవ్వి చూశాం, కింద అన్నీ ఒకే వేరు. మీరు పునరుత్పత్తి లెక్కపెట్టేటప్పుడు అనుమానమున్న మొక్క పక్కన జానెడు తవ్వి చూడండి. నిలువుగా దిగే తల్లివేరు ఉంటే గింజ మొక్క, అడ్డంగా పాకే లావుపాటి వేరు మీద లేచి ఉంటే పిలక. పిలకలు అడవిని పచ్చగా ఉంచుతాయి, వాటిని పీకేయొద్దు. కానీ వాటివల్ల కొత్త కలయికలు పుట్టవు.

ఇప్పుడు మీ నాలుగు చెట్ల సంగతికి వద్దాం. లెక్క కష్టమేం కాదు, కాగితం మీద మీరే వేసుకోవచ్చు.

ప్రతి చెట్టులో ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి. నాలుగు తల్లులంటే ఎనిమిది ప్రతులు. మీ అడవిలో నూటికి 5 వంతులు మాత్రమే ఉన్న ఒక రూపం తీసుకోండి, ఎండను తట్టుకునేదో, ఏదైనా తెగులును తట్టుకునేదో అనుకోండి. ఆ రూపం ఈ ఎనిమిది ప్రతుల్లో ఒక్కదానిలో కూడా లేకపోయే అవకాశం 66 శాతం. అదే 30 తల్లుల నుంచి తీస్తే 60 ప్రతులు, అప్పుడు అది తప్పిపోయే అవకాశం 5 శాతం లోపే. తండ్రుల వైపు నుంచి కొంత వస్తుంది, నిజమే. కానీ రోడ్డు పక్కన విడిగా ఉన్న చెట్లు పుప్పొడి ఎక్కువగా ఒకదానికొకటే ఇచ్చుకుంటాయి.

తండ్రుల విషయంలో మీకు పూర్తి అదృష్టం పట్టిందనే అనుకుందాం, ప్రతి గింజకూ వేరే తండ్రి. అప్పుడు కూడా ఒకే తల్లి పిల్లలన్నీ సవతి అన్నదమ్ముల్లాంటివి. ఒక తల్లి నుంచి ఎన్ని వేల మొక్కలు పెంచినా, జన్యుపరంగా అవి చుట్టరికం లేని నాలుగు చెట్ల విలువ దాటవు. ఇది ఖచ్చితమైన లెక్క. అంటే నాలుగు తల్లుల 2,000 మొక్కలు కలిపి గరిష్ఠంగా 16 చెట్లతో సమానం. 40 తల్లుల నుంచి తల్లికి 50 చొప్పున అవే 2,000 మొక్కలు పెంచితే దాదాపు 150 చెట్లతో సమానం. సంచులు అవే, మట్టి అదే, నీళ్లు అవే, కూలీ కాస్త ఎక్కువ. ఒక తరం అడవికి దాదాపు పది రెట్లు తేడా వచ్చేది గింజ ఏరే ఆ రెండు వారాల్లోనే.

ఈ ‘ఎన్ని చెట్లతో సమానం’ అన్నదాన్నే సార్థక జనాభా అంటారు. 1980లో ఫ్రాంక్లిన్ అనే జన్యుశాస్త్రవేత్త దగ్గరి చుట్టాల మధ్య సంకరం వల్ల వెంటనే వచ్చే నష్టం తప్పాలంటే కనీసం 50, మారే కాలానికి తగ్గట్టు మారగలిగే శక్తి నిలవాలంటే 500 ఉండాలని చెప్పారు. తర్వాత వచ్చినవాళ్లు అవీ చాలవు, 100, 1,000 కావాలన్నారు. 2022 డిసెంబరులో దాదాపు అన్ని దేశాలూ ఒప్పుకున్న కున్మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందంలో జాతుల లోపలి జన్యు వైవిధ్యం కాపాడటం కూడా ఒక లక్ష్యం. దాన్ని కొలిచే సూచికల్లో ఒకటి సార్థక జనాభా 500 దాటిన జనాభాలు ఎన్ని అన్నదే. మీ 16 ఎక్కడుందో చూడండి.

పరిశోధన పత్రాలు చదివేవాళ్ల కోసం ఒక మాట. చాలా పత్రాల్లో ‘హెటిరోజైగాసిటీ (ఒకే చెట్టులో రెండు వేర్వేరు రూపాలు ఎంత తరచుగా కనిపిస్తాయన్నది) బాగానే ఉంది’ అని ముగిస్తారు. సార్థక జనాభా 16కి పడిపోయిన తరంలో కూడా అది తగ్గేది 3 శాతం చిల్లరే, ఎందుకంటే తరానికి నష్టం సార్థక జనాభాకు రెట్టింపులో, అంటే ఇక్కడ 32లో, ఒక వంతు మాత్రమే. కానీ అరుదైన రూపాలు అంత నెమ్మదిగా పోవు, ఒక్క దెబ్బతో రాలిపోతాయి. కాబట్టి ముందు చూడాల్సింది రూపాల సంఖ్య. అది పెద్ద చెట్లలో ఎంత, పిల్ల మొక్కల్లో ఎంత? ఈ రెండు అంకెలు పక్కపక్కన లేని రిపోర్టు నాకు సగం రిపోర్టే.

చెట్ల సంఖ్య చూసి ధీమా పడకూడదనడానికి గింజ చెట్లలోనే పెద్ద ఉదాహరణ అమెరికన్ చెస్ట్‌నట్. అమెరికా తూర్పు భాగంలో ఆ చెట్లు కోట్లలో కాదు, వందల కోట్లలో ఉండేవి. 1904లో న్యూయార్క్ జంతు ప్రదర్శనశాలలో ఒక బూజు తెగులు కనబడింది, ఆసియా నుంచి తెచ్చిన చెట్ల వెంట వచ్చింది. దాదాపు యాభై ఏళ్లలో మూడు, నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయి. చైనా చెస్ట్‌నట్‌కు ఆ బూజుతో తరతరాల పరిచయం ఉంది కాబట్టి తట్టుకునే జన్యువులున్నాయి, అమెరికా చెట్టుకు దాదాపు లేవు. ఈ కథతో ‘వైవిధ్యముంటే అన్ని తెగుళ్లూ ఆగుతాయి’ అని నేను చెప్పడం లేదు, అక్కడ ఆగలేదు. నన్ను ఎక్కువ కదిలించేది ఆ తర్వాత జరిగింది. పైన చెట్టు చచ్చినా వేర్లు బతికే ఉన్నాయి, ఇవాళ్టికీ పిలకలు వేస్తున్నాయి. అవి పూతకొచ్చే వయసు రాకముందే బూజు మళ్లీ పట్టేస్తుంది. పాత అడవి వైవిధ్యంలో చాలా భాగం ఆ మొదళ్లలో ఉంది, కానీ గింజ రూపంలో తర్వాతి తరానికి దాటడం లేదు. మన మొర్రి చెట్టు విషయంలో తెగులు లేకుండానే, కొమ్మలు నరికి, పచ్చికాయ దింపి, అదే స్థితి తెచ్చుకుంటున్నాం. చెట్టు ఉంటుంది, వంశం ముందుకు నడవదు.

మీ అడవిలో పరిస్థితి తెలుసుకోవడానికి ముందు ల్యాబ్ అవసరం లేదు. సమితి సభ్యులు నలుగురు, ఒక తాడు, ఒక నోటుపుస్తకం చాలు. అడవిలో వేర్వేరు చోట్ల పది ముక్కలు కొలుచుకోండి. ఒక్కో ముక్కలో మొర్రివి పెద్ద చెట్లెన్ని, కుర్ర చెట్లెన్ని, గింజ మొక్కలెన్ని, పిలకలెన్ని రాయండి. పూత కాలంలో మళ్లీ వెళ్లి, పెద్ద చెట్లలో ఎన్ని పూశాయో, మే చివర్లో ఎన్నిటి మీద నల్ల కాయ మిగిలిందో రాయండి. 200లో మిగిలింది పదిహేను చెట్ల మీదేనని తేలితే మీకు ఏ డీఎన్‌ఏ పరీక్షా అంతకంటే గట్టిగా చెప్పదు.

పరీక్ష కూడా చేయించాలనుకుంటే ఆ పరిశోధక విద్యార్థినితో కలిసి చేయండి. అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. హైదరాబాద్ దూలపల్లిలో భారత అటవీ పరిశోధన, విద్యా మండలికి చెందిన అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇలాంటి పనికి అడగాల్సిన చోట్లు అవి. లేత ఆకులు తెంపి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న కవర్లో వేసి ఆరబెట్టాలి. ఈ కుటుంబం చెట్ల ఆకుల్లో జిగురు, ఒగరు ఎక్కువ, తడిగా వదిలేస్తే నల్లబడి డీఎన్‌ఏ పాడవుతుంది. కనీసం 30 పెద్ద చెట్లు, 30 గింజ మొక్కలు, విడివిడిగా రాసుకుని తీసుకోండి. ఇంకా ర్యాపిడ్ (RAPD) అనే పాత డీఎన్‌ఏ పద్ధతితో పనిచేసేవాళ్లున్నారు, అది చవక, కానీ ఒక ల్యాబ్ ఫలితం ఇంకో ల్యాబ్‌లో రావడం కష్టం, పైగా చెట్టులో రెండు రూపాలున్నాయో ఒకటే ఉందో అది చెప్పలేదు. మైక్రోశాటిలైట్ మార్కర్లతో, అంటే చెట్టులోని రెండు రూపాలనూ విడిగా చూపే డీఎన్‌ఏ గుర్తులతో, చేయమని అడగండి. ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. నల్లమల, శేషాచలం వైపు దీని దగ్గరి చుట్టం బుకనానియా ఆక్సిల్లారిస్ ఉంటుంది. దాని ఆకు చిన్నది, నున్నగా ఉంటుంది. మన మొర్రి ఆకు వెడల్పు, దళసరి, అడుగున నూగు ఉంటుంది. రెండూ కలిపేస్తే లేని వైవిధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది.

ఈ ఏడాది గింజల సంగతి. తల్లి చెట్లను ఇప్పుడే, పూత మీదుండగానే గుర్తుపెట్టుకోండి. నలభై దొరికితే మంచిది, ముప్పైకి తగ్గొద్దు. ఒకదానికొకటి వంద మీటర్ల దూరముండాలి, వీలుకాకపోతే యాభై. దగ్గరదగ్గరగా ఉన్నవి అక్కాచెల్లెళ్లో తల్లీబిడ్డలో అయ్యుంటాయి. బాగా కాసే చెట్లే తీసుకోవాలన్న ఆశ పెట్టుకోవద్దు, ఈ పని నలభై చెట్ల గొంతులు వినడం కోసం. గుట్ట మీదివి, వాగు ఒడ్డువి, ముందు కాసేవి, వెనక కాసేవి అన్నీ ఉండాలి. చుట్టూ ఇంకో మొర్రి చెట్టు లేకుండా చేను మధ్యలో ఒంటరిగా ఉన్నదాన్ని మాత్రం వదిలేయండి. దాని గింజలు తన పుప్పొడితో తానే కట్టినవై ఉండే అవకాశం ఎక్కువ, అలాంటి మొక్కలు తరచుగా బలహీనంగా పెరుగుతాయి.

ఆ పెద్దమ్మ చెప్పినట్టు ఒకేసారి వెళ్లి వచ్చేయకండి, మూడు విడతలుగా వెళ్లండి. నల్లగా పండిన కాయే తీసుకోండి. ఒక్కో చెట్టు గింజ ఒక్కో సంచిలో, సంచిపై చెట్టు నంబరు. గుజ్జు నీళ్లలో పిసికి కడిగి నీడలో ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా విత్తండి. రోజులు గడిచేకొద్దీ మొలక శాతం పడిపోతుంది. పెంకు గట్టిది, మొలకకు అదే పెద్ద అడ్డం. పప్పుకు దెబ్బ తగలకుండా పెంకును కాస్త చిట్లించగలిగే చేతులు మీ ఊళ్లోనే ఉన్నాయి, తిరగలిలో సారపప్పు తీసే ఆడవాళ్లను అడగండి. వాళ్లకు కూలీ ఇచ్చి చేయించుకోండి. తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి పొడవు సంచులు వాడండి. నర్సరీలో ఒక తల్లివి ఎక్కువ మొలిచి ఇంకో తల్లివి తక్కువ మొలుస్తాయి. ఎక్కువ మొలిచినవాటితో 2,000 నింపేయాలనిపిస్తుంది, ఆగండి. తల్లికి యాభై, మహా అయితే అరవై. మిగిలినవి ఇళ్ల దగ్గర, పొలం గట్ల మీద పెట్టుకోండి. అడవిలో నాటేటప్పుడు ఒకే తల్లి పిల్లలు పక్కపక్కన పడకుండా కలిపి నాటండి, లేకపోతే అవి పూతకొచ్చాక అన్నాచెల్లెళ్ల మధ్యే పుప్పొడి తిరుగుతుంది.

వేరే జిల్లా గింజ తెచ్చుకోవచ్చా అని మీరు చివర్లో అడిగారు. మీ 200 చెట్లుండగా అవసరం లేదు. మీ వానకు, మీ మట్టికి అలవాటుపడ్డ గింజ మీ దగ్గరే ఉంది. పది, ఇరవై చెట్లే మిగిలిన అడవి అయితే పక్క కొండ నుంచి, అదే వాన, అదే నేల ఉన్న చోటు నుంచి కొంత గింజ తెచ్చి కలపమనే చెప్తాను. ఒకే జాతి అయి, ఇటీవలి శతాబ్దాల దాకా కలిసున్న అడవులై, వాతావరణం ఒకటే అయితే అలా కలపడం వల్ల చెడు జరిగే ప్రమాదం తక్కువ. తగ్గిపోయిన జనాభాను అలాగే వదిలేస్తే వచ్చే చెడు అంతకంటే ఎక్కువ.

కొందరు అంటుమొక్కలు నాటమని కూడా చెప్తారు. గుజరాత్‌లోని వెజల్పూర్ కేంద్రం విడుదల చేసిన థార్ ప్రియ లాంటి రకాలున్నాయి. పొలంలో, తోటలో పెట్టుకోవడానికి అవి మంచివే. రైతుకు తొందరగా కాపు వస్తుంది, అడవి మీద కోత ఒత్తిడి కూడా తగ్గుతుంది. అడవిలో మాత్రం వద్దు. వంద అంట్లు నాటినా అది ఒక్క చెట్టే.

గింజల కంటే కష్టమైన పని కోత తేదీ. అటవీ హక్కుల చట్టం 2006 కింద సామూహిక హక్కు వచ్చిన ఊరైతే గ్రామసభకు ఆ అధికారం ఉంది. ఫలానా రోజుకు ముందు ఎవరూ మొర్రి కాయ దింపొద్దని, కొమ్మ నరకొద్దని, గుర్తుపెట్టిన నలభై తల్లి చెట్ల మీద నాలుగో వంతు కాయ వదలాలని తీర్మానం చేసుకోండి. పక్క ఊరివాళ్లను కూడా అదే సభకు పిలవండి, లేకపోతే ఆ టెన్షన్ పోదు. మద్దతు ధరకు కొనేవాళ్లు ఆ తేదీకే సంతకు వచ్చేలా ముందే మాట్లాడుకోండి.

పోయినేడు నాటిన మొక్కల గురించి బెంగపడకండి, పీకకండి. బతికినవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఈ ఏడాది నలభై తల్లుల మొక్కలను వాటి మధ్య ఖాళీల్లో నాటండి. నాలుగు తల్లుల పిల్లలు అప్పుడు మందలో కలిసిపోతాయి. పూత ఎప్పుడొచ్చిందో, ఎన్ని చెట్లు గుర్తుపెట్టారో రాయండి. చెట్ల నంబర్లు, వాటి మధ్య దూరాలు పంపితే ఏవి ఉంచాలో, ఏవి మార్చాలో కూర్చుని చూసి చెప్తాను.